కస్టమర్‌కో బిల్డ్ తీయడానికి గిట్‌ల్యాబ్ సీఐ ఎలా ఉంది?

గిట్‌ల్యాబ్ సీఐ అంటే కోడ్ నుంచి యాప్ తయారుచేయడం (బిల్డ్) లాంటి పనులను తనంతట తానే నడిపే టూల్. ఇలా అనుకోండి: ప్రొడక్టు ఒకటే, కస్టమర్లు 30 మంది. ఒక్కొక్కరికీ వేరే లోగో, వేరే సర్వర్ అడ్రసు, వేరే సైనింగ్ కీ (యాప్ ఎవరిదో ధ్రువీకరించే రహస్య కీ). కస్టమర్‌కో బ్రాంచి (కోడ్‌కు విడిగా నడిచే కాపీ) తీసి నడిపే టీములకు ఏ సీఐ టూలూ అక్కరకు రాదు, చిన్న బగ్ ఫిక్సును కూడా 30 చోట్ల మెర్జ్ చేసుకోవాల్సిందే. కోడంతా మెయిన్ బ్రాంచిలోనే ఉండి, తేడాలన్నీ కస్టమర్ పేరుతో ఉన్న కాన్ఫిగ్ ఫోల్డర్లలో ఉన్నవాళ్లకే ఈ రివ్యూ.

ముందు నచ్చినది చెప్పుకుందాం. ప్యారలల్ మ్యాట్రిక్స్ (ఒకే పనిని వేర్వేరు విలువలతో నడిపే సెట్టింగు) కింద కస్టమర్ల పేర్లు రాస్తే పేరుకో జాబ్, అంటే విడి పని, తయారవుతుంది, 200 వరకు. ఒకటి ఫెయిలైనా మిగతావి నడుస్తూనే ఉంటాయి. ఇలాంటిదే అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో అయితే, ఒకటి ఫెయిలవగానే మిగతావీ ఆపేసే ఫెయిల్-ఫాస్ట్‌ను మనమే ఆపుకోవాలి. అయితే ఈ సుఖం ఆ స్టేజి (ఒకదాని తర్వాత ఒకటి నడిచే దశల్లో ఒకటి) వరకే. ఒక కస్టమర్ లోగో ఫైలు పేరు తప్పుపడితే తర్వాతి స్టేజి మొదలే కాదు, మిగిలిన 29 మంది ప్యాకేజీలూ ఆగిపోతాయి.

అసలు ప్రమాదం ఆర్టిఫాక్టులతో, అంటే జాబులు తయారుచేసి తర్వాతి జాబులకు అందించే ఫైళ్లతో. మామూలుగా ఏ జాబ్ అయినా ముందు స్టేజీల ఆర్టిఫాక్టులన్నీ దించుకుంటుంది. 30 జాబులూ ఒకే పాత్‌లో ఒకే పేరుతో ఫైలు పెడితే ఒకదాని మీద ఒకటి పడి, చివరికి ఏదో ఒక కస్టమర్‌ది మిగులుతుంది. పైప్‌లైన్ (ఈ స్టేజీలన్నీ కలిసిన వరుస) మాత్రం పచ్చగానే, అంటే పాసైనట్టే కనిపిస్తుంది! ఒకరి ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఇంకొకరికి వెళ్లేది ఇలాగే. అవుట్‌పుట్ ఫోల్డరు పేరులో కస్టమర్ కోడ్ తప్పనిసరిగా ఉండాలి. క్యాష్ (మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టే ఫైళ్లు) కీ, అంటే దాని పేరు, కూడా అంతే: పేరు ఇవ్వకపోతే అన్ని జాబులూ ఒకే క్యాష్ వాడతాయి. అందులో డౌన్‌లోడ్ చేసిన లైబ్రరీలు ఉంటే పర్వాలేదు, జనరేట్ చేసిన కాన్ఫిగ్ ఉంటే కొంప మునుగుతుంది.

కస్టమర్లు పదిమంది దాటితే మ్యాట్రిక్స్ వదిలి చైల్డ్ పైప్‌లైన్లకు (ప్రధాన పైప్‌లైన్, అంటే పేరెంట్, మొదలుపెట్టే విడి పైప్‌లైన్లకు) మారడం మేలు. ఫోల్డర్లు చదివి కస్టమర్‌కో యామ్ల్ ఫైలు (పైప్‌లైన్ సెట్టింగులు ఉండే ఫైలు) రాసే చిన్న స్క్రిప్టు చాలు. బిల్డ్, సైనింగ్, ప్యాకేజీ అన్నీ ఆ కస్టమర్ పైప్‌లైన్‌లోనే ఉంటాయి కాబట్టి ఒకరి తప్పు ఇంకొకరిని ఆపదు. చైల్డ్‌ను మొదలుపెట్టే ట్రిగర్ జాబ్‌లో స్ట్రాటజీ డిపెండ్ (strategy: depend) పెట్టడం మరవొద్దు. లేకపోతే చైల్డ్ మొదలవగానే పేరెంట్ పాసైనట్టు చూపిస్తుంది, లోపల ఏం ఫెయిలైందో ఎవరూ చూడరు.

సైనింగ్ కీలకు ఎన్విరాన్‌మెంట్ స్కోప్, అంటే వేరియబుల్ విలువ ఏ ఎన్విరాన్‌మెంట్‌కు వర్తిస్తుందో చెప్పే సెట్టింగు, బాగా పనికొస్తుంది. కస్టమర్‌కో ఎన్విరాన్‌మెంట్, ఒకే వేరియబుల్ పేరు, కస్టమర్‌కో విలువ. జాబ్‌లో ఎన్విరాన్‌మెంట్ పేరు రాసి, దాని కింద యాక్షన్ ప్రిపేర్ (action: prepare) అని పెడితే డిప్లాయ్ అయినట్టు లెక్కలోకి రాదు. ఆ కీకి నక్షత్రం గుర్తు స్కోప్‌తో (అన్ని ఎన్విరాన్‌మెంట్లకూ వర్తించేలా) విలువ ఎప్పుడూ పెట్టొద్దు. ఎన్విరాన్‌మెంట్ పేరులో ఒక్క అక్షరం తప్పినా బిల్డ్ ఫెయిలవ్వాలే గానీ, ఎవరిదో కీతో సైన్ అవ్వకూడదు. కీ ఖాళీగా వస్తుంటే ముందు ట్యాగ్‌ను (రిలీజుకు కోడ్ మీద వేసే పేరు గుర్తును) ప్రొటెక్ట్ చేశారో లేదో చూడండి. ప్రొటెక్టెడ్ వేరియబుల్స్ ప్రొటెక్టెడ్ బ్రాంచీలకు, ట్యాగులకే అందుతాయి. ఎక్కువ వరుసల కీ ఫైలును మామూలుగా మాస్క్ చేయడం (లాగుల్లో కనపడకుండా దాచడం) కుదరదు, బేస్64 అనే అక్షర రూపంలోకి మార్చి ఒకే వరుసగా పెట్టాలి.

ఫోల్డరు మారిన కస్టమర్‌కే బిల్డ్ తీసే చేంజెస్ రూల్ మెర్జ్ రిక్వెస్టుల్లో చక్కగా పనిచేస్తుంది. ట్యాగ్ పైప్‌లైన్లలో మాత్రం ఎప్పుడూ నిజమే అంటుంది, అంటే రిలీజు రోజున అందరి బిల్డులూ నడుస్తాయి. రిలీజుకు అది మంచిదే. ఖర్చే చూసుకోవాలి: గిట్‌ల్యాబ్ డాట్ కామ్ ఉచిత ప్లానులో జాబులు నడపడానికి నెలకు 400 నిమిషాలు. బిల్డుకు 12 నిమిషాల లెక్కన 30 మందికి 360 నిమిషాలు, ఒక్క ట్యాగుతో కోటా అయిపోయినట్టే. సొంత రన్నర్ (జాబులు నడిపే మెషీన్) పెట్టుకుంటే ఆ లెక్కే ఉండదు. రిలీజుకు ముందు ఫలానా మనిషి ఆమోదం ఉండాలంటే కావాల్సిన ప్రొటెక్టెడ్ ఎన్విరాన్‌మెంట్లకు ప్రీమియం ప్లాను కొనాలి. ఇద్దరు ముగ్గురు కస్టమర్లున్న టీముకు అది దండగ.