శాంతి బహుమతి పుస్తకానికా, మనిషికా?

బోస్నియా యుద్ధానికి ముగింపు పలికిన 1995 నాటి ఒప్పందం అమెరికాలోని డేటన్ నగర సమీపాన ఉన్న వైమానిక స్థావరంలో కుదిరింది. ఆ స్ఫూర్తితో 2006లో మొదలైన డేటన్ సాహిత్య శాంతి బహుమతిని ఏటా ఒక కాల్పనిక రచనకూ, ఒక కాల్పనికేతర రచనకూ ఇస్తారు. ఒక్కోదానికి 10,000 డాలర్లు.

జర్మన్ పుస్తక వ్యాపార రంగం 1950 నుంచి ఇస్తున్న శాంతి బహుమతి విలువ 25,000 యూరోలు. అయితే అది ఒక పుస్తకానికి కాక, ఒక జీవితకాలపు కృషికి దక్కుతుంది. 1961లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను వరించిన ఈ గౌరవం 2019లో ఛాయాచిత్రకారుడు సెబాస్టియావ్ సల్గాడోకు లభించింది, అంటే గ్రహీత రచయితే కానక్కరలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శన జరిగే రోజుల్లోనే, 1848లో జర్మన్ జాతీయ సభ (ఎన్నికైన తొలి జర్మన్ పార్లమెంటు) కొలువుదీరిన సెయింట్ పాల్ చర్చిలో గ్రహీత ప్రసంగిస్తారు. ఆ వేదిక చరిత్ర వల్ల ఆ మాటలకు ప్రత్యేకమైన బరువు వస్తుంది.

ఇంతటి గాంభీర్యం డేటన్‌కు లేకపోవచ్చు. అయినా పాఠకుడిగా నా మొగ్గు దానివైపే, ఎందుకంటే శత్రువు అనుకున్నవాడి ఇంట్లో కొన్నాళ్లు కాపురముండి వచ్చినంత అనుభవాన్ని ఒక మంచి నవల ఇవ్వగలదు, ఆ నవల ఏదో డేటన్ జాబితా పేరుపెట్టి చెబుతుంది.