నడుము నొప్పికి వర్చువల్ రియాలిటీ వ్యాయామం: ఏడాదికి పైగా వాడిన అనుభవం

దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న నేను ఫిజియోథెరపిస్టు సలహాపై వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌తో (కళ్లకు కప్పుకుంటే చుట్టూ కృత్రిమ లోకాన్ని చూపే పరికరం) ఏడాదికి పైగా వ్యాయామం చేస్తున్నాను. ఇది నొప్పిని పోగొట్టదు. నొప్పి పుడుతుందన్న భయంతో మానుకున్న కదలికలను మళ్లీ చేయిస్తుంది, నా దృష్టిలో దాని విలువంతా అక్కడే ఉంది.

హెడ్‌సెట్ పెట్టుకున్నంతసేపూ ధ్యాస మళ్లి నొప్పి తగ్గినట్లు అనిపించడం నిజమే. కాలిన గాయాలకు కట్లు మార్చేటప్పుడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలోనే ఈ పద్ధతిని వాడారు. రోగులు మంచు లోయలో మంచు ఉండలు విసిరే స్నోవరల్డ్ అనే ఆట ఆ కృషిలోంచే వచ్చింది. అయితే కట్టు మార్చడం కాసేపటి బాధ. మూడు నెలలు దాటి కొనసాగే నొప్పి అలాంటిది కాదు. నా విషయంలో హెడ్‌సెట్ తీసిన కొద్దిసేపటికే అది తిరిగి వచ్చేది.

నిలిచిన మేలు వ్యాయామం వల్ల కలిగింది. వంగమని ఎవరైనా చెబితే బిగుసుకుపోయే నడుము, హెడ్‌సెట్‌లోని ఆటలో ఎదురుగా దూసుకొచ్చే బంతిని అందుకోవలసి వచ్చినప్పుడు ఏ సంకోచమూ లేకుండా వంగేది. అలా వంగినా ఏమీ కాలేదన్న నమ్మకం క్రమంగా ఇంటి పనుల్లోకీ వచ్చింది. ఈ గుణంలోనే ఒక ప్రమాదమూ ఉంది: ఆటలో పడి శక్తికి మించి కదిలితే మరునాడు నొప్పి రెచ్చిపోతుంది. అందుకే ఒంట్లో ఎంత బాగున్నా, ముందుగా పెట్టుకున్న సమయానికే ఆపడం, ఆ సమయాన్ని కొద్దికొద్దిగా పెంచడం తప్పనిసరి.

2021 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన ఈజ్‌వీఆర్‌ఎక్స్ అనే వర్చువల్ రియాలిటీ చికిత్స వేరే తరహాది. 8 వారాలలో 56 భాగాలుగా సాగే ఆ కార్యక్రమంలో శ్వాస, విశ్రాంతి, ఆలోచనల సవరణ ప్రధానం. అలా పరీక్షలకు నిలిచి అనుమతి పొందిన చికిత్సనూ మామూలు ఆటల యాప్‌నూ ఒకే గాటన కట్టకూడదు.

ఇబ్బందులూ ఉన్నాయి. సుమారు అర కిలో బరువు ముఖం మీదికి లాగడం వల్ల మెడ పట్టేస్తుంది కనుక, మెడ నొప్పి ఉన్నవారికి నేను దీన్ని సూచించను. మనం నిలబడి ఉండగా దృశ్యం పరుగెత్తే ఆటలలో కడుపులో తిప్పుతుంది. దృశ్యం పరుగెత్తకుండా, ఉన్నచోటనే నిలబడి చేసే వాటితో నాకు ఆ బాధ రాలేదు. మూర్ఛ, తల తిరగడం వంటి సమస్యలు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ని అడగాలి.

ఇప్పుడు చాలా వ్యాయామాలను హెడ్‌సెట్ లేకుండానే చేయగలుగుతున్నాను. కొనడానికి తొందరపడకుండా, వీలైతే ఫిజియోథెరపీ కేంద్రంలో కొన్నాళ్లు వాడి చూడడం మేలు.