కూనూరులో చలికాలపు టీ, అత్తయ్య పాల టీ

ఊటీ వెళ్లి టీపొడి తెచ్చుకోని తెలుగువాళ్లు అరుదు. మేమూ ఇంతకుముందు రెండుసార్లు తెచ్చాం. రెండుసార్లూ ఇంటికొచ్చి కాచుకుంటే, మా వీధి చివరి కొట్లో దొరికే పొడికీ దీనికీ తేడా ఏమీ తెలియలేదు. అందుకే ఈ జనవరిలో మళ్లీ నీలగిరి కొండలకు వెళ్లినప్పుడు బొటానికల్ గార్డెన్, బోట్ హౌస్ పక్కన పెట్టేసి, నాలుగు రోజులూ టీ వెంటే తిరిగాం. నేను, మావారు, మా అత్తయ్య. అత్తయ్యది రాజమండ్రి. రోజుకు నాలుగు టీలు, నాలుగింట్లోనూ చిక్కటి పాలు. ఆవిడను వెంటబెట్టుకుని పాలు లేని టీ రుచి చూడ్డానికి వెళ్లడం కాస్త సాహసమే.

జనవరి ఎందుకంటే, ఈమధ్య ఎక్కడ చూసినా 'ఫ్రాస్ట్ టీ' మాటే. డిసెంబరు, జనవరి నెలల్లో నీలగిరి చలికి తేయాకు చిగురు చాలా నిదానంగా పెరుగుతుంది. అలా పెరిగిన ఆకులో సువాసన ఎక్కువ. ఆ నెలల్లో కోసి చేసిన టీని ఆ పేరుతో అమ్ముతున్నారు. మంచు గడ్డకట్టిన ఆకు కోస్తారేమో అనుకున్నాను. కాదట, ఆ సంగతి తర్వాత చెబుతాను.

హైదరాబాదు నుంచి కోయంబత్తూరుకు విమానం, అక్కడినుంచి మేట్టుపాళయంలో ఒక రాత్రి. పొద్దున 7:10కి బొమ్మరైలు. టికెట్లు దొరకడం లాటరీలాంటిది. బుకింగ్ తెరిచిన రోజే కూర్చుంటే మూడు దొరికాయి. కల్లారు నుంచి, ఊటీకి ముందు వచ్చే కూనూరు దాకా పట్టాల మధ్యలో పళ్ల చట్రం ఉంటుంది, ఇంజను వెనకనుంచి పెట్టెలను పైకి తోస్తుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను ఇది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కూనూరు చేరడానికి మూడు గంటల పైనే పట్టింది. బల్లలు గట్టివి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒక దిండు తీసుకెళ్లాలి. అత్తయ్య మాత్రం కిటికీ వదల్లేదు. "గోదావరి బ్రిడ్జి తర్వాత ఇదేనమ్మా నాకు నచ్చిన రైలు దారి" అంది. ఆవిడ నోటినుంచి అంతకంటే పెద్ద మెప్పు రాదు.

రైల్లో వస్తే ఇంకో లాభం ఉంది. 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశం మీద ఊటీ, కొడైకెనాల్ వెళ్లే బయటి వాహనాలకు ఈ-పాస్ పెట్టారు. సొంత కారులో వెళ్లేవాళ్లు ముందే తీసుకోవాలి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా జిల్లాలో నిషేధం, చెక్‌పోస్టుల దగ్గర బ్యాగులు చూస్తారు. స్టీలు సీసా పట్టుకెళ్తే దారిలో నీళ్ల ఏటీఎంలు ఉన్నాయి.

బస ఊటీలో కాకుండా కూనూరులో పెట్టుకున్నాం. టీ కోసం వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. ఊటీ ఎత్తు ఎక్కువ, చలి ఎక్కువ, జనం మరీ ఎక్కువ. కూనూరులో గది తలుపు తీస్తే తోట కనబడుతుంది, మిగతా తోటలూ దగ్గరే.

మొదటి రెండు రాత్రులు ఒక పాత దొరల బంగళాలో ఉన్నాం. రాత్రికి 7,500. ఫోటోల్లో అద్భుతం. చెక్క నేల, నెగడు, వరండాలో పేము కుర్చీలు. గదిలో మాత్రం వేడినీళ్లు ఉదయం గంటన్నర మాత్రమే, నెగడుకు కట్టెలు కావాలంటే మోపుకు విడిగా డబ్బు. అదైనా సర్దుకుపోవచ్చు. చుట్టూ కనుచూపుమేర తేయాకు తోట పెట్టుకుని, గదిలో ఇచ్చిన టీ ఏమిటో తెలుసా? దారం కట్టిన టీ బ్యాగు, పాలపొడి పొట్లం. అత్తయ్య ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మన రైల్వే స్టేషన్లో ఇంతకంటే మర్యాదగా ఇస్తారు" అంది. అడిగితే, 'టీ అనుభవం' అని విడిగా ప్యాకేజీ ఉందట, మనిషికి 1,800.

మూడో రోజు ఒక బడగ కుటుంబం నడిపే హోమ్‌స్టేకి మారాం. బడగలు ఇక్కడి కొండవాసులు. నీలగిరిలో చిన్న తేయాకు రైతుల్లో ఎక్కువమంది వాళ్లే. గది చిన్నది, గోడలకు చెమ్మ, రాత్రికి 2,200. కానీ గీజరు పనిచేసింది, రెండు రగ్గులు ఇచ్చారు, రాత్రి చిక్కుళ్ల కూర పెట్టారు. చీకటి పడ్డాక గేటు బయటికి వెళ్లొద్దని గట్టిగా చెప్పారు. ఎందుకో తెల్లారి అర్థమైంది. టీ మొక్కల మధ్య ఐదు అడవిదున్నలు, ఇంటికి ఇరవై అడుగుల్లో, తీరిగ్గా నెమరేస్తున్నాయి. కూనూరులో ఇది మామూలేనట. మావారు ఫోను పట్టుకుని దగ్గరికి వెళ్లబోతే ఇంటాయన చెయ్యి పట్టి లాగేశాడు.

ఫ్యాక్టరీ టూర్ల సంగతికి వస్తే, రెండు చూశాం. ఊటీ వైపు ఉన్న మొదటిది దండగ. టికెట్టు తక్కువే గానీ, అద్దాల వెనక యంత్రాలు, వెనకాల వరస తోస్తూ ఉంటుంది, చివర ఒక చిన్న కప్పులో యాలకుల టీ పోసి నేరుగా కొట్లోకి దించుతారు. అక్కడ టీ కంటే చాక్లెట్లు, నీలగిరి తైలం ఎక్కువ. 'చాక్లెట్ టీ' వాసన ఇంటికొచ్చాక కూడా నా శాలువాకి ఉంది.

రెండోది కూనూరు పక్కన ఒక చిన్న ఎస్టేటు. ముందే ఫోను చేసి చెప్పుకోవాలి, రోజుకు ఎనిమిది మందినే రానిస్తారు. మనిషికి 600. రెండు గంటలు ఒకతను దగ్గరుండి చూపించాడు. కోసిన ఆకును జల్లెడ తొట్లలో పరిచి రాత్రంతా గాలికి వాడుస్తారు. తర్వాత నలిపి చుట్టలు చుట్టే యంత్రం. నలిగిన ఆకు గాలి తగిలి రంగు మారుతుంది, కోసిన యాపిల్ ముక్క మారినట్టే. దాన్ని పులియబెట్టడం అంటారు గానీ, నిజానికి పులుపూ లేదు, సూక్ష్మజీవుల పనీ లేదు, ఆకులోని ఎంజైములే ఆ పని చేస్తాయి. ఎక్కడ ఆపాలో ముక్కుతో చూసి చెబుతారు. ఆ తర్వాత ఆరబెట్టడం. ఆకు ఆకుగానే మిగిలే ఈ పద్ధతిని ఆర్థొడాక్స్ అంటారు. మన ఇళ్లలో మరిగే గుండ్రటి పొడి సీటీసీ. ఆకును చిదిమి, చింపి, గుండ్రంగా చుట్టే యంత్రం అది, 1930లో అస్సాంలో పుట్టింది. తొందరగా దిగుతుంది, రంగు చిక్కన, పాలకు తట్టుకుంటుంది. నీలగిరిలో ఇప్పటికీ ఎక్కువ భాగం అదే తయారవుతుంది.

రుచి చూసే బల్ల దగ్గర ఆరు కప్పులు పెట్టారు. చెంచాతో తీసి సుర్రున లాగాలి, గాలితో కలిసి నోరంతా తగలాలి. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చిన్నప్పుడు సుర్రుమని తాగితే మా అమ్మ వీపు మీద ఒకటి ఇచ్చేది. ఇక్కడ డబ్బు తీసుకుని మరీ సుర్రుమనిపిస్తున్నారు."

సిల్వర్ నీడిల్ అనే తెల్ల టీ ముందు ఇచ్చారు. విచ్చుకోని మొగ్గలు మాత్రమే ఏరి, నలపకుండా ఆరబెట్టిందది. నాకు మొదట వేడినీళ్లలానే అనిపించింది. మూడో గుక్కకు పుచ్చకాయ తొక్కలాంటి తియ్యదనం తగిలింది. అత్తయ్య తీర్పు: "ఆకు కడిగిన నీళ్లు." నాలుగో కప్పు ఫ్రాస్ట్ టీ. లేత నారింజ రంగు. మల్లెపూలు పెట్టిన గదిలోకి అడుగుపెట్టినట్టు వాసన, చేదు దాదాపు లేదు. దానికి ఆవిడ ఏమీ అనలేదు. కప్పు మాత్రం ఖాళీ చేసింది.

అప్పుడే అడిగాను, మంచు పట్టిన ఆకేనా అని. అతను నవ్వి, "మంచు పడితే ఆకు మాడిపోతుంది మేడమ్, ఇంకేం కోస్తాం?" అన్నాడు. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరైతే లోయల్లో ఉన్న మొక్కలు తెల్లారేసరికి నల్లబడతాయి. చిన్న రైతులు ఎండు ఫెర్న్ ఆకులు తెచ్చి మొక్కల మీద కప్పుతారు. మర్నాడు దారిలో అలా కప్పిన చెలకలు మేమే చూశాం. చలి ఉండి, ఆకాశం తేటగా ఉండి, మంచు మాత్రం మీద పడని తోటల్లో పండేదే ఈ టీ. పేరేమో మంచుది.

మా హోమ్‌స్టే ఇంటాయనకు ఎకరంన్నర తోట ఉంది. ఆయన ఫ్రాస్ట్ టీ ఎప్పుడూ తాగలేదట. కోసిన పచ్చాకు సాయంత్రానికి ఫ్యాక్టరీకి వెళ్లిపోతుంది. కిలోకు ఇరవై చిల్లర వస్తోందన్నాడు. కిలో టీపొడికి నాలుగు, నాలుగున్నర కిలోల పచ్చాకు పడుతుంది. అదే రోజు పొద్దున నేను 50 గ్రాముల సిల్వర్ నీడిల్ 900కి కొన్నాను. ఆ డబ్బా గదిలో బల్లమీదే ఉంది, ఆయన వచ్చినప్పుడు ఎందుకో సంచిలో పెట్టేశాను. ఒక ప్రైవేటు వేలంలో 2022 డిసెంబరులో మనోహరి గోల్డ్ అనే అస్సాం టీ కిలో 1.15 లక్షలు పలికిందని చదివినప్పుడు గొప్పగా అనిపించింది. ఆయన ఎదురుగా కూర్చుని ఆ అంకె చెప్పబుద్ధి కాలేదు.

చిన్న రైతులకోసం తమిళనాడులో ఇండ్‌కోసర్వ్ అనే సహకార సమాఖ్య ఉంది. వాళ్ల టీ కొట్లు రోడ్డు పక్కన కొత్తగా, శుభ్రంగా కనబడ్డాయి. మేం ఆగిన చోట పాల టీ మంచి చిక్కగా, మరిగించి ఇచ్చారు. పక్కన వర్కీ, పొరలు పొరలుగా ఉండే కరకర బిస్కెట్టు. అత్తయ్య ముఖం నాలుగు రోజుల్లో మొదటిసారి వెలిగింది. రెండో టీ కూడా చెప్పింది. అక్కడే అరకిలో డస్ట్ టీ కొంది.

ఇక కేఫుల గురించి ఒక మాట. కూనూరులోనే బెడ్‌ఫోర్డ్ వైపు అందమైన కేఫులు చాలా వచ్చాయి. మేం వెళ్లినదాంట్లో మెనూ తెరిస్తే మొదట మాచ్చా లాటే, 380. మాచ్చా జపాను సరుకు. కోతకు ముందు కొన్ని వారాలు మొక్కకు నీడ కట్టి, ఆ ఆకును రాతి తిరగలిలో విసిరిన ఆకుపచ్చ పొడి. ప్రపంచమంతా దాని వెంట పడేసరికి 2025లో జపానులోనే కొరత వచ్చింది. బాగుండదని కాదు, మావారికి నచ్చింది కూడా. కిటికీలోంచి కనబడుతున్న తోటలోని టీ ఉందా అని అడిగితే, కుర్రాడు లోపలికి వెళ్లి వచ్చి "టీ బ్యాగు ఉంది మేడమ్" అన్నాడు. అదే మెనూలో 'మందార టీ', 'చామంతి టీ' కూడా ఉన్నాయి. తేయాకు మొక్కనుంచి రానిదాన్ని టీ అని అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 డిసెంబరులోనే చెప్పింది. ఆ కబురు కొండెక్కినట్టు లేదు.

మిగతావి క్లుప్తంగా. సిమ్స్ పార్కు ఉదయాన్నే వెళ్తే బాగుంటుంది. డాల్ఫిన్స్ నోస్ వ్యూ పాయింట్‌కు మధ్యాహ్నం వెళ్లాం, పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు, పార్కింగుకు మాత్రం నలభై నిమిషాలు. టాక్సీలు రోజుకు 2,500 నుంచి మొదలు, బేరం కుదరదు. బస్సులు చాలా ఉన్నాయి, వాటిలోనే తిరిగిన రోజు మాకు ఎక్కువ నచ్చింది. టీ కొనేటప్పుడు ప్యాకెట్టు మీద పండించిన తోట పేరు, కోసిన నెల ఉన్నాయో లేదో చూడండి. రెండూ లేకపోతే అది మీ వీధి కొట్లో కూడా దొరుకుతుంది.

ఇంటికొచ్చి నెల దాటింది. అత్తయ్య కొన్న డస్ట్ టీ పదిహేను రోజుల్లో అయిపోయింది. నా తెల్ల టీ డబ్బా ఇంకా సగానికి రాలేదు. నీళ్లు మరిగాక 80 డిగ్రీలకు చల్లారేదాకా ఆగాలి, అంత ఓపిక నాకు ఆదివారం పొద్దునే దొరుకుతుంది. ఫ్రాస్ట్ టీ డబ్బా మాత్రం నేను అనుకున్నదానికంటే వేగంగా తగ్గుతోంది. అడిగితే అత్తయ్య, "చూశాను, పాలు పోస్తే పాడైపోయింది. అందుకని ఉత్తదే తాగుతున్నా" అంది.