రొయ్య శాంపిల్: ఐస్‌లోనా, స్పిరిట్‌లోనా, ప్రాణంతోనా?

విడవలూరు దగ్గర మా గుంటలో ఒక వేసవిలో రొయ్యలు గట్టు వారకు వచ్చి తేలడం మొదలైంది. రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది. కంగారులో చేతికి దొరికిన చచ్చిన రొయ్యలనే క్యారీబ్యాగ్‌లో వేసి, నాలుగు ఐస్ ముక్కలు పడేసి నెల్లూరు తీసుకెళ్లాను. ఎండకు దారిలోనే ఐస్ కరిగిపోయింది. ల్యాబ్‌లో కుర్రాడు కవర్ విప్పగానే వాసన. "ఇవి కుళ్లిపోయాయన్నా, వీటితో ఏం చెప్పలేం" అన్నాడు. తెల్లమచ్చ వైరస్ జబ్బు అయితే మూడు నుంచి పది రోజుల్లో గుంట ఖాళీ అవుతుంది. అందులో ఒక రోజు అలా పోయింది.

ఐస్ తప్పని కాదు. ల్యాబ్ రెండు మూడు గంటల దూరంలో ఉంటే, థర్మోకోల్ డబ్బాలో, కరిగిన నీళ్లు రొయ్యకు తగలకుండా పెడితే సరిపోతుంది. ఇంటి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, దారిలో కరగనిస్తే మాత్రం శాంపిల్ పాడైనట్టే.

తెల్లమచ్చో, ఈహెచ్‌పీయో (రొయ్య లివర్‌కు పట్టే సూక్ష్మ పరాన్నజీవి) అన్న అనుమానంతో పీసీఆర్, అంటే జబ్బు క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష, చేయించాలంటే నా ఓటు స్పిరిట్‌కే, అంటే 95 శాతం ఇథనాల్‌కు. కావలి నుంచి చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ) దాకా పంపాలన్నా టెన్షన్ ఉండదు. కానీ సీసా నిండా రొయ్యలు కుక్కి, పైన కాస్త స్పిరిట్ పోస్తే లోపలి కండ కుళ్లుతుంది. ముక్క ఒక వంతు ఉంటే స్పిరిట్ పది వంతులుండాలి. పెద్ద రొయ్యను మొత్తం వేయక్కర్లేదు. తెల్లమచ్చకు మొప్పలు, ఈత కాళ్లు చాలు. కళ్లు వద్దు, వాటిలోని పదార్థాలు పీసీఆర్‌కు అడ్డుపడతాయి. ఈహెచ్‌పీకి తలలోని లివర్ కావాలి. గుంట నంబరు, తేదీ పెన్సిల్‌తో చీటీ మీద రాసి సీసాలోనే వేయండి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది, ఏ సీసా ఏ గుంటదో తెలియదు. ఫార్మలిన్ జోలికి పోవద్దు, పీసీఆర్‌కు అది చెరుపు.

స్పిరిట్‌తో కాని పని ఒకటుంది. రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, ఏ రకమో చూడాలంటే అది బతికుండాలి. స్పిరిట్ దాన్ని చంపేస్తుంది. అందుకే జబ్బేమిటో అసలు అంతుపట్టనప్పుడు, ల్యాబ్ దగ్గరుంటే, సీడ్ (రొయ్య పిల్లల) కవర్లకు పట్టినట్టు ఆక్సిజన్ పట్టి ప్రాణంతో తీసుకెళ్లడమే మేలు. నేనిప్పుడు ఒకే వల విసురులో పడ్డవాటిని పంచుతున్నాను: కొన్ని స్పిరిట్‌లోకి, కొన్ని ఆక్సిజన్ కవర్‌లోకి. రెంటికీ నీరసంగా కదులుతున్నవే ఏరుతాను, చచ్చి తేలినవి కాదు.

ప్రాణంతో తీసుకెళ్లడంలో నాకున్న భయమల్లా ఆ కవర్ నీళ్ల గురించే. దారిలో కాలవలో పారబోస్తే కింద ఉన్న గుంటలన్నిటికీ మన జబ్బును మోసుకెళ్లినట్టే. ల్యాబ్ దగ్గరే ఆ నీళ్లలో బ్లీచింగ్ కలపమని అడగండి. కలిపేదాకా అక్కడే ఉండండి.