మెయిల్ వడపోత సర్వర్‌లోనా, మన కంప్యూటర్‌లోనా: ఏది మేలు?

మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసంటే వడ్లు, తవుడే అనుకుంటారు గానీ, పొద్దున కంప్యూటర్ తెరిస్తే ముందు కనిపించేది మెయిళ్ల కుప్ప. బ్యాంకు అలర్టులు, బ్రోకర్లు పంపే రేట్లు, ట్రాన్స్‌పోర్టు బిల్లులు, జీఎస్టీ నోటీసులు, వీటి మధ్యలో సోలార్ ప్యానెళ్లు అమ్ముతామనేవాళ్లు. మాది సొంత డొమైన్ మీద నడిచే మెయిల్. దాన్ని తమ సర్వర్‌లో, అంటే మెయిల్ ముందుగా చేరే కంప్యూటర్‌లో, నడిపే హోస్టింగ్‌వాళ్లిచ్చిన వెబ్‌మెయిల్‌లో చూస్తాం. ఈ కుప్పను వేరు చేద్దామని కిందటేడు ఫిల్టర్లు పెట్టాను. వారం తిరగకుండానే సేటు పిలిచాడు.

"ఏందయ్యా, ఫిల్టరేదో పెట్టినంటివి. గివన్నీ మళ్ల నా ఫోన్‌కే వస్తున్నయ్?"

"నా కాడ మంచిగనే పోతున్నయ్ సేటూ, ఏ ఫోల్డర్‌వి ఆ ఫోల్డర్‌కు."

ఇద్దరం చెప్పిందీ నిజమే. చిక్కు ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

వెబ్‌మెయిల్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి అందులో పెట్టిన ఫిల్టర్ సర్వర్‌లోనే పనిచేస్తుందని నేను అనుకున్నాను. నాలాగే చాలామంది అనుకుంటారు. కానీ మెయిల్ సర్వర్ లెక్కలో వెబ్‌మెయిల్ కూడా థండర్‌బర్డ్ (కంప్యూటర్‌లో పెట్టుకునే మెయిల్ ప్రోగ్రాం) లాంటి ఒక క్లయింటే, అంటే బయటి నుంచి వచ్చి మెయిల్ చూసే ప్రోగ్రామే. మన పాస్‌వర్డ్‌తో ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్ చూసే పద్ధతి) ద్వారా లోపలికి వెళ్లి ఇన్‌బాక్స్ చూస్తుంది, అంతే. పాత వెబ్‌మెయిల్ స్క్విరెల్‌మెయిల్‌లో ఫిల్టర్ల ప్లగిన్ (అదనంగా తగిలించే ముక్క) ఇలాంటిదే: మనం లాగిన్ అయ్యాకే మెయిళ్లను సర్దుతుంది. హోర్డ్ అనే ఇంకో వెబ్‌మెయిల్‌లో లాగిన్ అయ్యాక సర్దేదీ, సర్వర్‌లోనే సర్దేదీ రెండు రకాలూ ఉన్నాయి, ఏది పెట్టాలన్నది నడిపేవాళ్ల ఇష్టం. మాకు దొరికింది లాగిన్ అయితేనే కదిలే రకం. నేను పది గంటలకు ఆఫీసుకు వచ్చి తెరిచేదాకా అన్నీ ఇన్‌బాక్స్‌లోనే పడి ఉండేవి. ఈలోగా సేటు ఫోన్ ప్రతిదానికీ మోగేది. ఆదివారమైతే ఇక చెప్పక్కర్లేదు.

మీది ఏ రకమో తెలుసుకోవడం తేలిక. వెబ్‌మెయిల్ నుంచి లాగౌట్ అవ్వండి, కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రాం ఉంటే అదీ మూసేయండి. వేరే అకౌంట్ నుంచి ఫిల్టర్‌కు తగిలే మెయిల్ ఒకటి పంపి, ఫోన్‌లో చూడండి. నేరుగా ఫోల్డర్‌లో పడితే వడపోత సర్వర్‌లో ఉన్నట్టు. ఇన్‌బాక్స్‌లోనే కూర్చుంటే లేనట్టు.

సర్వర్‌లో జరిగే వడపోతకు ఎక్కువగా వాడేది సీవ్ అనే చిన్న భాష. 2001లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 3028గా వచ్చింది, 2008లో 5228గా మార్చి రాశారు. రౌండ్‌క్యూబ్ అనే వెబ్‌మెయిల్‌లో మేనేజ్‌సీవ్ ప్లగిన్ ఆన్ చేసి ఉంటే సెట్టింగుల్లో ఫిల్టర్ల పేజీ కనిపిస్తుంది. అక్కడ మనం నొక్కిన బటన్లే లోపల సీవ్ స్క్రిప్టుగా మారి సర్వర్‌కు చేరతాయి. మెయిల్ పెట్టెలో పడే ముందే రూల్ చూస్తుంది. వడ్ల లారీ గేటు దగ్గరుండగానే తేమ చూడడానికీ, గోదాంలో దించాక చూడడానికీ ఉన్న తేడా ఇదే. కరెంటు పోయినా, మన కంప్యూటర్ మూసి ఉన్నా దాని పని ఆగదు. హార్డ్ డిస్క్ పోయినా రూల్స్ పోవు. థండర్‌బర్డ్ ఫిల్టర్లు ఆ కంప్యూటర్‌లోనే ఒక ఫైల్లో ఉంటాయి. రెండో కంప్యూటర్ కొంటే ఆ ఫైల్‌ను అక్కడికి తెచ్చుకోవాలి, లేదంటే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి.

సెలవులో ఉన్నామని జవాబు వెళ్లడం, మెయిల్‌ను ఇంకొకరికి దారి మళ్లించడం లాంటి పనులకైతే పోలికే అక్కర్లేదు, అవి సర్వర్‌లోనే ఉండాలి. కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే "సెలవులో ఉన్నాను" అని జవాబిచ్చే ఏర్పాటుతో ఏం లాభం?

అలాగని సర్వర్ రూల్ రాయడమంటే ఆటలు కాదు. నా చేతనే ఒక తప్పు జరిగింది. హోస్టింగ్‌వాళ్లను అడిగి సీవ్ పెట్టించుకున్నాక, ఉత్సాహం కొద్దీ సబ్జెక్టులో "ఆఫర్" అని ఉంటే పారేయమని రూల్ రాశాను. బియ్యం వ్యాపారంలో బ్రోకర్ రేటు పంపేది కూడా "ఆఫర్" అనే. ఒకాయన మూడుసార్లు పంపి, జవాబు లేక వేరే మిల్లుతో మాట్లాడుకున్నాడు. సీవ్‌లో డిస్కార్డ్ అంటే ట్రాష్‌లోకి వెళ్లడం కాదు, మెయిల్ ఏ ఫోల్డర్‌లోనూ ఉండదు, పంపినవాడికి తిరుగు కబురూ వెళ్లదు. జీమెయిల్ ఈ విషయంలో కాస్త దయ చూపుతుంది: ఫిల్టర్‌తో తీసేసినది కూడా ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. నిజానికి సీవ్ కూడా మొండిది కాదు. ఏ రూలూ తగలకపోయినా, నడుస్తుండగా స్క్రిప్టులో తప్పు దొరికినా మెయిల్‌ను ఇన్‌బాక్స్‌లోనే ఉంచుతుంది. పారేయమని నోరు తెరిచి అడిగింది నేనే. ఆ రోజు నుంచి మా రూల్స్‌లో డిస్కార్డ్ లేదు, అనుమానమున్నవి "చూడాలి" అనే ఫోల్డర్‌కు పోతాయి.

మన కంప్యూటర్‌లో జరిగే వడపోతకు ఇక్కడే విలువ. తప్పు కళ్లముందే జరుగుతుంది. రూల్ రాసి, పాత మెయిళ్ల మీద ఒకసారి నడిపి, ఏవి ఎటు పోయాయో చూసుకోవచ్చు. థండర్‌బర్డ్ జంక్ ఫిల్టర్ మనం నొక్కే గుర్తులను బట్టి నేర్చుకుంటుంది కాబట్టి మా సోలార్‌వాళ్లను త్వరగానే పసిగట్టింది. ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ లోపలి మాటలను సర్వర్ చదవలేదు, వాటిని బట్టి వేరు చేయాలంటే తాళం చెవి ఉన్న కంప్యూటర్‌లోనే చేయాలి. లాగిన్ అయ్యాక కదిలే వెబ్‌మెయిల్ ఫిల్టర్ మాత్రం నాకు రెంటికీ చెడ్డ రేవడిలానే కనిపించింది. సర్వర్ ఫిల్టర్‌లా ముందే పని చేయదు, ఇన్‌బాక్స్ పెద్దదైతే లాగిన్‌నూ నెమ్మది చేస్తుంది.

సర్వర్‌లో సర్దితే ఫోన్‌లో ఒక మార్పు వస్తుంది, ముందే చెప్పుకోవాలి. చాలా యాప్‌లు కొత్త మెయిల్ కోసం ఇన్‌బాక్స్‌నే కనిపెట్టుకుని ఉంటాయి. నేరుగా వేరే ఫోల్డర్‌లో పడినదానికి ఫోన్ మోగకపోవచ్చు. బ్యాంకు అలర్టులను ఫోల్డర్‌లోకి పంపిన మొదటి రోజే సేటు డబ్బులు పడలేదని టెన్షన్ పడ్డాడు. వాటిని వెనక్కి ఇన్‌బాక్స్‌కే వదిలేశాను.

ఇప్పుడు బిల్లులూ నోటీసులూ సర్వర్‌లోనే వేరవుతున్నాయి. కొత్త రూల్ ఏదైనా ముందు వారం రోజులు నా థండర్‌బర్డ్‌లో నడిపి, తర్వాతే సీవ్‌లోకి ఎక్కిస్తున్నాను. బ్రోకర్ల మెయిళ్లకు అసలు ఫిల్టరే లేదు, అవి సేటు ఫోన్‌లో మోగాల్సిందే. సోలార్‌వాళ్లు మాత్రం మెయిల్ మానేసి నేరుగా ఆఫీసు నంబర్‌కు ఫోన్ చేస్తున్నారు.