ఆరేళ్లుగా ఆప్ట్, బాబాయి రాజకీయాలు

గవర్నర్‌పేటలో మా డీటీపీ షాపు కంప్యూటర్లో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ పెట్టి ఆరేళ్లయింది. అందులో ప్రోగ్రాములు ఎక్కించే, తీసే ఆప్ట్ కమాండ్లు నాకు పుస్తకం చూస్తే రాలేదు. మా బాబాయి రాజకీయాలు కలిపి చెబితే తలకెక్కాయి. ఆ జోకులంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

అన్నిట్లోకీ రిమూవ్, పర్జ్ తేడా బాగా చెప్పాడు. "రిమూవ్ అంటే మనిషి పార్టీ మారాడురా, గోడ మీద రాతలు అలాగే ఉన్నాయి. పర్జ్ అంటే సున్నం కూడా కొట్టేశారు." నిజంగా అంతే. రిమూవ్ చేశాక ప్రోగ్రాముల లెక్క చూపే డీపీకేజీ జాబితాలో ఆ పేరు పక్కన 'ఆర్‌సీ' అని పడుతుంది. ప్రోగ్రాం పోయింది, సెట్టింగుల ఫైళ్లున్నాయి అని. మళ్లీ ఎక్కిస్తే, సొంత గూటికి వచ్చినవాడికి పాత కుర్చీ దొరికినట్టు ఆ సెట్టింగులతోనే లేస్తుంది.

"నాయకుడు పోతే అనుచరులూ పోతారు, అదే ఆటోరిమూవ్" అన్నది మాత్రం సగమే నిజం. ఆటోరిమూవ్ తీసేది ఇక ఎవరికీ అక్కర్లేని తోడు ప్రోగ్రాముల్నే. రిమూవ్ అయితే, తీసినదాని మీద ఆధారపడ్డవాటినీ పట్టుకుపోతుంది. 2024లో మే 13 పోలింగ్‌కి వారం ముందు, కరపత్రాల పని నెత్తిమీదుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్ కోసం, ఉన్న పైథాన్3ని రిమూవ్ చేశాను. స్క్రీన్ నిండా పేర్లొచ్చాయి. అనుచరులే కదా అని, సరేనంటూ వై కొట్టాను. రీబూట్ చేస్తే నల్ల తెర మీద లాగిన్ అని ఒక్క ముక్క. డెస్క్‌టాప్ మొత్తం పైథాన్ మీద ఆధారపడి ఉందట, దాంతోపాటే పోయింది.

ఫోన్ చేస్తే బాబాయి నవ్వలేదు. "1999 ఏప్రిల్ గుర్తుందిరా? జయలలిత మద్దతు తీసేస్తే వాజ్‌పేయి ప్రభుత్వం 269, 270తో ఒక్క ఓటు తేడాలో పడింది. ఏది తీస్తున్నావో కాదు, దాని మీద ఎవరు నిలబడ్డారో చూడాలి." తర్వాత ఆప్ట్ లాగ్‌లో హిస్టరీ ఫైలు తెరవమన్నాడు. పోయిన పేర్లన్నీ ఒకే వరుసలో, కామాలు పెట్టి ఉన్నాయి. అది చూసుకుంటూ ఉబుంటు-డెస్క్‌టాప్, మిగిలినవి ఎక్కించేసరికి తెల్లవారింది. పర్జ్ కొట్టలేదు కాబట్టి సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్లో నేను మార్చుకున్న ఫైళ్లు దక్కాయి.

ఇప్పుడు ఏది తీయాలన్నా ముందు ఆప్ట్ కమాండ్‌కి మైనస్ ఎస్ పెట్టి చూస్తాను. ఏదీ తీయకుండానే ఎవరెవరు పోతారో చెబుతుంది.

పేపర్లో రాజకీయాలు చదివేవాళ్లకి బాబాయి చెప్పే పద్ధతి పనికొస్తుంది. మా అక్క కూతురికైతే ముందు 1999 కథంతా చెప్పాల్సి వచ్చింది. మా షాపులో పాత పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం విండోస్ మెషీన్ ఇంకోటి ఉంది. ఆ రాత్రి కరపత్రాలు దాని మీదే వెళ్లాయి. అది లేకపోతే ఆప్ట్ గురించి ఇంత ప్రేమగా రాసేవాణ్ని కాదేమో.