సాఫ్ట్‌వేర్ అంచనా, డైనో కొలత: కారు ట్యూనింగ్‌కు ఏది మేలు?

రీమ్యాప్ చేయించిన, అంటే ఇంజన్ కంప్యూటర్‌లోని పట్టికలను మార్పించిన, కారు యజమాని చేతిలో తరచుగా రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఫోనులోని యాప్ గానీ ల్యాప్‌టాప్‌లోని వర్చువల్ డైనో ప్రోగ్రాం గానీ లెక్కగట్టి ఇచ్చినది. రెండోది కారును డైనో, అంటే శక్తిని కొలిచే యంత్రం, రోలర్ల మీద పరుగెత్తించి ముద్రించి ఇచ్చిన కాగితం మీద ఉన్నది. ఒకటి 128 హార్స్‌పవర్ అంటుంది, ఇంకొకటి 109 అంటుంది. వెంటనే ఏది అబద్ధం అన్న వాదన మొదలవుతుంది. రెండూ నిజమే కావచ్చు. 109 చక్రాల దగ్గర కొలిచినది. గేర్‌బాక్సు, షాఫ్టులు, టైర్లు తినేసేది 15 శాతం అనుకుని వెనక్కి లెక్కిస్తే క్రాంక్ దగ్గర, అంటే ఇంజన్ శక్తిని బయటికి ఇచ్చే చోట, 128 వస్తుంది. ఆ 15 శాతం మాత్రం ఎవరూ కొలవలేదు, వాడుకలో స్థిరపడిపోయిన ఊహ అది. కాబట్టి ఏ అంకెను చూసినా ముందు అడగవలసింది అది చక్రాల దగ్గరిదా, క్రాంక్ దగ్గరిదా అని. అది తెలియకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టడం వృథా.

సాఫ్ట్‌వేర్ అంచనా అని ఒకే మాట వాడుతున్నాం గానీ దాని వెనక మూడు రకాల లెక్కలున్నాయి. వాటిని ఒకే గాటన కట్టకూడదు.

మొదటిది గాలి లెక్క. ఇంజన్ పీల్చే గాలిని కొలిచే సెన్సర్ ఉంటే, సెకనుకు ఒక గ్రాము గాలికి స్థూలంగా 1.3 హార్స్‌పవర్ చొప్పున పెట్రోలు ఇంజన్ శక్తిని ఊహించవచ్చు. ఆ సెన్సర్ లేని కార్లలో యాప్ ఇంటేక్‌లోని, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలోని, పీడనం, ఉష్ణోగ్రత, ఇంజన్ సీసీ తీసుకుని, సిలిండర్లు ఎంత శాతం నిండుతాయో తానే ఊహించుకుంటుంది. ఆ శాతాన్ని సెట్టింగుల్లో 80 నుంచి 90కి మారిస్తే కారు అడుగు కదలకుండానే శక్తి ఎనిమిదో వంతు పెరుగుతుంది.

రెండోది ఇంజన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, తానే చెప్పే టార్క్ (ఇంజన్ తిప్పే బలం). ఇప్పటి ఈసీయూలు డ్రైవరు పెడల్ నొక్కడాన్ని ఇంత టార్క్ కావాలన్న కోరికగా మార్చుకుని పనిచేస్తాయి. అందుకోసం గాలి, ఇగ్నిషన్ టైమింగ్, ఇంధన మిశ్రమాలను బట్టి టార్క్‌ను లోపల లెక్కిస్తూనే ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారులో ఈ లెక్క బాగానే ఉంటుంది, ఎందుకంటే కంపెనీవారు దాన్ని ఇంజన్ డైనో మీద నిలబెట్టి సరిచూసి ఉంటారు. చిక్కల్లా రీమ్యాప్ తర్వాతే. మ్యాప్ రాసేవారు టార్క్ పరిమితులను, కొన్నిసార్లు టార్క్ లెక్కించే పట్టికలను కూడా మారుస్తారు. అలా మార్చిన తర్వాత ఆ ఈసీయూనే శక్తి ఎంత పెరిగిందని అడగడం, తూకం వేసేవాడు ముల్లు జరిపిన త్రాసులోనే మళ్లీ తూచి చూసుకోవడం లాంటిది. గాలి సెన్సరు గొట్టాన్ని పెద్దది వేసి దాని పట్టికను సరిగా దిద్దకపోతే మొదటి లెక్కకూ ఇదే గతి. రీమ్యాప్ ఫలితాన్ని ఈ రెండు లెక్కలతో నిరూపిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మూడోది త్వరణం లెక్క. నాకు నమ్మకం ఉన్నది దీని మీదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. కారు బరువు తెలుసు, ఎంత వేగంగా వేగం పుంజుకుంటోందో లాగ్, అంటే పరుగులో నమోదైన రీడింగుల వరస, చెబుతుంది, మిగతాది భౌతికశాస్త్రం. ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను తీసుకుందాం. ఇద్దరు మనుషులు, పెట్రోలు కలుపుకొని 1,250 కిలోలు. మూడో గేరులో పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు గంటకు 100 కి.మీ. దగ్గర త్వరణం 1.6, అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 1.6 మీటర్ల చొప్పున పెరుగుతోందనుకుందాం. బరువును ముందుకు తోయడానికే 55.6 కిలోవాట్లు కావాలి. చక్రాలు, ఫ్లైవీల్ తిరుగుడు వేగం పెంచడానికి ఇంకో 5 శాతం, అంటే సుమారు 2.8. గాలిని చీల్చడానికి దాదాపు 8. టైర్ల దొర్లుడుకు 4. అన్నీ కలిపితే 70 కిలోవాట్ల పైచిలుకు, అంటే దాదాపు 96 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). కంపెనీ 110 పీఎస్ అని చెప్పే కారుకు చక్రాల దగ్గర ఇది నమ్మదగిన అంకె.

ఇప్పుడు ఇదే లెక్కలో తప్పులు ఎక్కడ దూరతాయో చూడండి. రోడ్డు నూటికి ఒక మీటరు చొప్పున ఎత్తుకు పోతున్నా కంటికి చదునుగానే కనిపిస్తుంది. ఆ ఒక్క శాతం వాలు దాదాపు 4.6 పీఎస్ మింగుతుంది, దిగుడైతే అంతే కలుపుతుంది. ఎదురుగాలి గంటకు 10 కి.మీ. ఉంటే మరో 2.3 పోతుంది. బరువును 50 కిలోలు తప్పుగా రాస్తే 3 పీఎస్ తేడా. టైరు అరిగి వ్యాసం 10 మిల్లీమీటర్లు తగ్గితే, 185/60 ఆర్15 టైరుకు అది 1.7 శాతం. అయితే వేగం, త్వరణం రెండూ టైరు కొలత నుంచే వస్తాయి కాబట్టి లెక్క 3 శాతానికి మించి తప్పుతుంది. ఫోనును డ్యాష్‌బోర్డు మీద పెట్టి దాని త్వరణ సెన్సరుతోనే కొలిచే యాప్‌లు ఇంకా బలహీనమైనవి. పెడల్ తొక్కగానే కారు ముక్కు పైకి లేస్తుంది. ఆ వంపు ఒక్క డిగ్రీ ఉన్నా గురుత్వాకర్షణ అదే కొలతలో 0.17 దొంగ త్వరణాన్ని కలుపుతుంది. మన 1.6లో అది పదో వంతు.

లాగ్ ఎంత దట్టంగా ఉందన్నదీ ముఖ్యమే. 90 నుంచి 110కి చేరడానికి పట్టేది మూడున్నర సెకన్లు. చవక బ్లూటూత్ అడాప్టరుతో వేగం, ఉష్ణోగ్రత, బూస్ట్ (టర్బో కూర్చే గాలి పీడనం) అన్నీ ఒకేసారి అడిగితే ఒక్కోదానికి సెకనుకు రెండు మూడు రీడింగులు మాత్రమే వస్తాయి. పైగా ఓబీడీలో, అంటే ఈసీయూ సమాచారాన్ని బయటికి ఇచ్చే పోర్టులో, వేగం పూర్ణాంకాల్లోనే వస్తుంది, 97 తర్వాత 98, మధ్యలో ఏమీ లేదు. అలాంటి మెట్లమెట్ల గీత నుంచి త్వరణం తీస్తే వచ్చేది రంపపు పళ్లే. ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, మాత్రం పావు చుట్టు దాకా వస్తుంది. అందుకే శక్తి లెక్క కోసం చేసే పరుగులో ఆర్‌పీఎం ఒక్కటే లాగ్ చేయాలి, గేరు నిష్పత్తి, టైరు కొలతల నుంచి వేగం రాబట్టాలి. మాన్యువల్ గేర్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో అది లాక్ కాకుండా జారుతుంటే ఆర్‌పీఎంకూ వేగానికీ సంబంధం తెగిపోతుంది, లెక్క చెడుతుంది.

ఇన్ని లోపాలున్నా ఈ పద్ధతిని నేను వెనకేసుకొస్తాను, ఎందుకంటే ఆ లోపాల్లో చాలా వరకు రెండు పరుగుల్లోనూ ఒకేలా ఉంటాయి. అదే రోడ్డు, అదే దిశ, అదే గేరు, అంతే పెట్రోలు, పక్క సీట్లో అదే మనిషి ఉంటే వాలు రెండుసార్లూ అంతే కోస్తుంది, టైరు తప్పు రెండుసార్లూ అంతే ఉంటుంది. గాలిని మాత్రం నమ్మలేం, అందుకని తెల్లవారుజామున గాలి ఆడని వేళ చూసుకోవాలి. అప్పుడు అసలు అంకె 96 కాకుండా 101 అయినా, రీమ్యాప్ ముందూ తర్వాతా తేడా మాత్రం నిజానికి దగ్గరగా వస్తుంది. ట్యూనింగ్‌లో మనకు కావలసింది సాధారణంగా ఆ తేడానే. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: పెడల్ పూర్తిగా తొక్కే పరుగులు జనం తిరిగే రోడ్ల మీద చేయకండి. ట్రాక్ దొరికిన రోజున చేసుకోండి, లేదా వేగం తక్కువగా ఉండే రెండో గేరుతో సరిపెట్టుకోండి. రెండో గేరులో పరుగు తొందరగా అయిపోతుంది, చక్రాలు జారే ప్రమాదమూ ఉంది, అయినా ప్రాణానికి భద్రం.

ఇక డైనో సంగతి. దాని అసలు బలం చాలామంది అనుకునేట్టు కాగితం మీద ముద్రించే గరిష్ఠ అంకెలో లేదు. బ్రేకు వేసి పట్టుకోగల డైనో, అంటే ఎడ్డీ కరెంట్ లేదా హైడ్రాలిక్ రకం, ఇంజన్‌ను 3,000 ఆర్‌పీఎం దగ్గర సగం లోడుతో కదలకుండా నిలబెడుతుంది. మ్యాప్ రాసేవారు ఆ చోట ఇగ్నిషన్ టైమింగ్‌ను ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతూ టార్క్ ఎక్కడ పెరగడం ఆగిపోయిందో చూస్తారు, నాకింగ్ (సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి పేలడం) ఎక్కడ మొదలవుతోందో వింటారు, ఒక అడుగు వెనక్కి వచ్చి పట్టికలోని తర్వాతి గడికి వెళ్తారు. రోడ్డు మీద ఏ సాఫ్ట్‌వేరూ ఈ పని చేయించలేదు. బరువైన డ్రమ్మును తిప్పి దాని త్వరణాన్ని బట్టి శక్తి చెప్పే ఇనర్షియా డైనోలు కూడా ఇది చేయలేవు. నిజానికి ఇనర్షియా డైనో చేసే లెక్క మన మూడో రకం సాఫ్ట్‌వేర్ లెక్కకు అన్నదమ్ముల వరస. తేడా ఏమిటంటే కారు బరువు స్థానంలో కచ్చితంగా తెలిసిన డ్రమ్ము ఉంటుంది, వాలూ ఎదురుగాలీ ఉండవు.

డైనోకు మరో బలం అంకెకు వచ్చే సాక్ష్యవిలువ. 1999లో ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రాకు 320 హార్స్‌పవర్ అని ప్రకటించింది. కొన్నవారు డైనోల మీద పెట్టి చూస్తే అంత రాలేదు. కంపెనీ అమ్మకాలు ఆపి, కార్లను వెనక్కి పిలిపించి, ఇంటేక్ మానిఫోల్డ్ సహా భాగాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. 2000 సంవత్సరానికి మామూలు కోబ్రా మార్కెట్లోకే రాలేదు. ఫోను యాప్ చూపించి ఏ కంపెనీనీ ఇలా నిలదీయలేం.

అలాగని డైనో కాగితాన్ని కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు. మన ప్రాంతంలో దాన్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేది వాతావరణ సవరణ. ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జె1349 ప్రమాణం 25 డిగ్రీల వేడి, 99 కిలోపాస్కల్ పొడి గాలి పీడనం దగ్గర కారు ఎంత ఇచ్చేదో లెక్కగట్టి అంకెను పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. పాత ఎస్‌టీడీ పద్ధతి ఎంచుకుంటే అదే పరుగుకు దాదాపు 4 శాతం ఎక్కువ వస్తుంది. కాగితం మూలన చిన్న అక్షరాల్లో ఇది ఉంటుంది, తప్పకుండా చూడండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, బెంగళూరు 900 మీటర్ల పైన. మే నెలలో 40 డిగ్రీల ఎండలో హైదరాబాద్‌లో పరుగు తీస్తే సవరణ సుమారు 10 శాతానికి చేరుతుంది. 7 శాతం దాటితే ఆ పరీక్ష నమ్మదగినది కాదని ఆ ప్రమాణమే అంటుంది. టర్బో లేని ఇంజన్‌కు ఈ సవరణలో కొంత న్యాయం ఉంది, పలచని గాలికి అది నిజంగానే శక్తి కోల్పోతుంది. టర్బో ఇంజన్ అలా కాదు. ఈసీయూ తన లక్ష్యపు బూస్ట్‌ను చేరుకోవడానికి టర్బోను ఇంకాస్త తిప్పి, పోయిన గాలిలో చాలా భాగాన్ని తానే పూడ్చుకుంటుంది. దాని మీద మళ్లీ 10 శాతం కలిపితే లేని శక్తి కాగితం మీదికి వస్తుంది. అందుకే టర్బో కారుకు సవరణ లేని అంకెను కూడా ముద్రించి ఇమ్మని అడగండి. విశాఖలోనో చెన్నైలోనో తీసిన కాగితాన్ని బెంగళూరు కాగితంతో పోల్చకండి.

రెండో లోపం వేడి. గదిలో నిలబెట్టిన కారుకు ముందు ఒక ఫ్యాను పెడతారు. గంటకు 100 కి.మీ. వేగంలో ఇంటర్‌కూలర్‌కు (టర్బో గాలిని చల్లబరిచే భాగానికి) తగిలే గాలికి అది సాటి రాదు. ఒకదాని వెంట ఒకటిగా పరుగులు తీస్తుంటే ఇంటేక్ గాలి వేడెక్కుతుంది, ఈసీయూ నాకింగ్ భయంతో టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంకె జారుతుంది. ఈ విషయంలో రోడ్డు మీద తీసిన లాగ్ మాత్రమే నిజం చెబుతుంది. తర్వాత, కారును కట్టిన పట్టీల బిగువు, టైరులో గాలి కూడా రోలర్ డైనో రీడింగును కదిలిస్తాయి. చక్రాలు విప్పి హబ్బులకే బిగించే రకంలో ఈ బెడద ఉండదు.

ఇంత చూశాక నా తీర్పు ఇది. ఈసీయూ మ్యాప్‌ను మీ కారు కోసమే కొత్తగా రాయిస్తున్నా, టర్బో గానీ ఇంజెక్టర్లు గానీ మారుస్తున్నా డైనోయే మేలు, అదీ బ్రేకు ఉన్నదే. అక్కడ ఖర్చుకు వెనకాడితే ఇంజన్‌కే ముప్పు. రెడీమేడ్ స్టేజ్ 1 ఫైలు (భాగాలు మార్చకుండా వేసే సిద్ధపు మ్యాప్) వేయించి లాభం ఎంతో తెలుసుకోవాలంటే, లేదా ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ లాంటి చిన్న మార్పులను ఒక్కొక్కటిగా బేరీజు వేయాలంటే ఆర్‌పీఎం లాగ్ చాలు. కొన్ని వేలు పోసి డైనో మీద తీసిన రెండు పరుగుల కన్నా, వేర్వేరు రోజుల్లో తీసిన లాగ్‌ల సగటు ఎక్కువ చెబుతుంది. రెండు మూడు పీఎస్ తేడా కోసమైతే రెండింటినీ నమ్మకండి, అది రెండింటి పొరపాటు పరిధిలోనే ఉంటుంది.

డైనో అందుబాటులో ఉన్నవారికి రెండింటినీ జోడించే దారి ఉంది. రీమ్యాప్‌కు ముందే అదే డైనో మీద అదే గేరులో పరుగు తీయించి, ఆ కాగితం ఉంచుకోండి. అదే వారంలో మీకు అనువైన చోట లాగ్ తీసి, సాఫ్ట్‌వేర్‌లో గాలి నిరోధం, దొర్లుడు నిరోధం విలువలను కొద్దిగా సర్దుతూ గీతను డైనో గీత మీదికి తెచ్చుకోండి. బరువును మాత్రం వేబ్రిడ్జి మీద నిజంగా తూయించి రాయండి. ఇక ఆ సెట్టింగులను ముట్టుకోవద్దు. రీమ్యాప్ తర్వాత ప్రతి కొన్ని నెలలకు అలాంటి వాతావరణంలోనే ఒక లాగ్ తీయండి. గీత నాలుగైదు శాతం కిందికి దిగితే ముందుగా ఇంటర్‌కూలర్ పైపుల క్లాంపులు, స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ చూడండి. అవన్నీ బాగుండీ గీత పైకి రాకపోతే, అప్పుడు మళ్లీ డైనోకు తీసుకెళ్లండి.